తెరపై ప్రకృతిని పలికించువారు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరు నిన్నటినుండియు పన్నుల వసూలు, మంచినీటి పథకములు, వీధిదీపములు, పారిశుద్ధ్యము మున్నగు విషయములను గూర్చి వినియున్నారు. నేడు మేము చెప్పబోవు విషయము పైకి చూచుటకు వానిలో దేనికిని సంబంధించినది కాదు. టెలివిజన్‌లో విజ్ఞానశాస్త్రమును, ప్రకృతిని, అడవిజంతువులను గూర్చి వివరించు వ్యాఖ్యాతల వృత్తిజీవితమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. "ఇది మాకెందుకు?" అని మీలో కొందరికి తోచవచ్చును. అట్లు తోచుట సహజమే. కాని ఈ విషయమును ఎన్నుకొనుటకు మాకొక కారణము కలదు. మొదట దానిని చెప్పెదము.

కొంతకాలము క్రిందట మేమొక గ్రామమునకు పోయి, సాయంకాలము బడి ఆవరణలో తెర కట్టి, ప్రకృతిని గూర్చిన చిత్రము నొకదానిని చూపితిమి. చిత్రము ముగిసిన పిదప ఇంటర్మీడియెట్ చదువుచున్న కుఱ్ఱవాడొకడు మా దగ్గరకు వచ్చెను. అతని తండ్రి గొఱ్ఱెలు కాచుకొని జీవించువాడు. "అయ్యా, అందులో మాట్లాడినాయన ఏం చదివాడండీ? ఆ పని మాలాంటోళ్లకు దొరుకుతుందా?" అని అతడడిగెను. చుట్టునున్న పెద్దలు నవ్విరి. "వీడు పిట్టల వెంట, పాముల వెంట తిరిగి పరీక్ష తప్పాడండీ. ఇప్పుడు టీవీలోకి ఎక్కుతాడంట" అని వార్డు మెంబరొకరు అనిరి. ఆ పిల్లవాడు తలవంచుకొని వెడలిపోయెను.

మేము పెద్ద చదువు చదివినవారము. ప్రజలకు విషయములు తెలియజేయుటయే మా ఉద్యోగము. అయినను ఆ క్షణమున మాకు తగిన సమాధానము తోచలేదు. "బాగా చదువుకో బాబూ" అని మాత్రము అంటిమి. అది సమాధానము కాదని మాకును తెలియును. ఆనాడు ఆ బాలునకు చెప్పవలసియుండి చెప్పలేకపోయిన మాటలే నేటి ఈ ప్రసంగము. ఇట్టి బాలుడో బాలికయో మీ ఊళ్లలో కూడ ఉండకపోరు.

ఒక వ్యాఖ్యాత జీవితము

ఈ వృత్తిని గూర్చి చెప్పునపుడు మొట్టమొదట స్మరింపవలసిన పేరు ఇంగ్లండు దేశమునకు చెందిన డేవిడ్ అటెన్‌బరోగారిది. ఆయన 1926 మే 8వ తేదీన జన్మించిరి. బాల్యమునందు రాళ్లలో దొరకు ప్రాచీన జీవుల ఆనవాళ్లను, అనగా శిలాజములను, ఏరి దాచుకొనుట ఆయనకు అలవాటు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ప్రకృతి శాస్త్రములు చదివిరి. తరువాత రెండేండ్లు నౌకాదళములో పనిచేసిరి. పిమ్మట ఒక ప్రచురణ సంస్థలో పిల్లల విజ్ఞానశాస్త్ర పుస్తకములను సరిదిద్దు పనిలో కుదిరిరి.

1950లో ఆయన బి.బి.సి. రేడియోలో ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టిరి. అది నిరాకరింపబడెను. కాని ఆ దరఖాస్తు టెలివిజన్ విభాగములో ప్రసంగముల శాఖను చూచుచుండిన మేరీ ఆడమ్స్ అను అధికారిణి కంట పడెను. ఆమె ఆయనను పిలిపించి మూడు నెలల శిక్షణకు అవకాశమిచ్చిరి. అప్పటికాయన తన జీవితములో ఒకే ఒక టెలివిజన్ కార్యక్రమమును చూచియుండెనట! 1952లో ఉద్యోగము స్థిరపడెను. అదియు తెరపై కనిపించు పని కాదు. ఆయన పళ్లు మరీ పెద్దవిగా నున్నవి గనుక తెరకు పనికిరారని ఆ అధికారిణియే తలంచిరి. కావున ఆయన తెర వెనుక కార్యక్రమములను తయారు చేయుచుండిరి.

1954లో ఆయన లండన్ జంతుప్రదర్శనశాలవారితో కలిసి ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశమునకు పోయిరి. జంతువులను తెచ్చి చూపు ఆ కార్యక్రమమునకు 'జూ క్వెస్ట్' అని పేరు. దానికి వ్యాఖ్యాత ఆ ప్రదర్శనశాలలో సర్పశాఖను చూచు జాక్ లెస్టర్ గారు. మొదటి భాగము ప్రసారమైన తరువాత లెస్టర్ గారికి జబ్బు చేసెను. మరియొకరు లేనందున అటెన్‌బరోగారు కెమెరా ముందు నిలువవలసి వచ్చెను. పళ్లను గూర్చిన ఆక్షేపణ ఆనాటితో ముగిసెను.

ఇంతటితో ఆయన కథ సుఖముగా సాగినదని తలంపరాదు. 1965లో ఆయనను బి.బి.సి. రెండవ ఛానెలుకు అధిపతిని చేసిరి. 1967లో బ్రిటన్‌లో రంగుల టెలివిజన్ మొదలగునప్పుడు ఆ బాధ్యత ఆయనదే. ఇంకను పై పదవికి పోయిరి. పెద్ద జీతము, పెద్ద గది, పెద్ద గౌరవము. అయినను 1973లో ఆ పదవిని విడిచి మరల అడవులకే పోయిరి. సుమారు మూడేండ్లు శ్రమించి, 13 భాగములుగా తయారు చేసిన 'లైఫ్ ఆన్ ఎర్త్' 1979లో వెలువడెను. భూమిపై జీవము పుట్టి పెరిగిన క్రమమును సామాన్యునకు అర్థమగునట్లు చెప్పిన గొప్ప ప్రయత్నమది. అందులో రువాండా కొండలలో గొరిల్లాల నడుమ కూర్చుండి ఆయన గుసగుసగా మాటలాడిన దృశ్యము లోకప్రసిద్ధమైనది. బొటనవ్రేలు జీవులకు చేయు ఉపకారమును గూర్చి అక్కడ చెప్పవలెనని ఆయన అనుకొని వచ్చిరి. కాని గొరిల్లాలు దగ్గరకు చేరగానే అనుకొన్న పాఠమును ప్రక్కకు పెట్టి, ఆ జంతువు మన వంటిదే యను మాటను మెల్లగా చెప్పిరి. ఎప్పుడు మాటలాడవలెనో తెలియుట ఒక విద్య. ఎప్పుడు ఊరకుండవలెనో తెలియుట అంతకంటె పెద్ద విద్య.

2019వ సంవత్సరపు ఇందిరాగాంధీ శాంతి బహుమానము ఆయనకు ప్రకటింపబడినది. ఉద్యోగము నిరాకరింపబడిన మనిషికి, తెరకు పనికిరాడనిపించుకొన్న మనిషికి లభించిన గౌరవమిది. మేమిచ్చట చెప్పదలచినది అదృష్టమును గూర్చి కాదు. లెస్టర్ గారి జబ్బు అదృష్టవశమున వచ్చిన సందు కావచ్చును. ఆ సందులో నిలువగల చదువు, శిలాజములు ఏరిన బాల్యమునుండి వచ్చినది.

మరియొక మాట. ఆ తొలి కార్యక్రమములలో జంతువులను పట్టి ప్రదర్శనశాలకు తెచ్చెడివారు. అది నాటి ఆచారము. నేడు ఆ పని ఎవరును మెచ్చరు. ఆయన కార్యక్రమములును కాలక్రమమున జంతువును దాని చోటనే ఉంచి చూపు పద్ధతికి మారినవి. తప్పని తెలిసిన ఆచారమును విడుచుట ఈ వృత్తిలోనివారికి కూడ అవసరమే.

శాస్త్రమును ఇంటి మాటలలో చెప్పినవారు

అమెరికా దేశమున కార్ల్ సాగన్ గారని ఖగోళ శాస్త్రజ్ఞులుండిరి. ఆయన తండ్రి బట్టలు కుట్టు పరిశ్రమలో పనివాడు. చిన్నతనమున ఆయన గ్రంథాలయమునకు పోయి నక్షత్రములను గూర్చిన పుస్తకమడుగగా, అచ్చటివారు సినిమా తారల బొమ్మల పుస్తకమును చేతికిచ్చిరట! సిగ్గుపడి ఆ పిల్లవాడు మరల అడుగకపోయినచో కథ అంతటితో ముగిసియుండును. అతడు మరల అడిగెను. సరియైన పుస్తకము దొరికెను. ఆ బాలుడే ఆచార్యుడై 1980లో 'కాస్మోస్' అను 13 భాగముల కార్యక్రమముతో దేశదేశముల ప్రజలకు ఆకాశమును విప్పి చూపెను. మన గ్రామ గ్రంథాలయములలో పిల్లవాడడిగిన పుస్తకము ఉన్నదో లేదో మనమొకసారి విచారించుట మంచిది.

మన దేశమున ఈ విషయమున స్మరింపదగినవారు ఆచార్య యశ్‌పాల్ గారు. ఆయన 1926లో జన్మించిరి. విశ్వకిరణములను గూర్చి పరిశోధించిన భౌతిక శాస్త్రజ్ఞులు. 1973లో అహమ్మదాబాదులోని అంతరిక్ష ప్రయోగ కేంద్రమునకు తొలి సంచాలకులైరి. 1975 ఆగస్టునుండి 1976 జూలై వరకు ఏడాదిపాటు ఉపగ్రహము ద్వారా గ్రామములకు టెలివిజన్ పాఠములు అందించిన మహాప్రయోగము ఆయన ఆధ్వర్యవముననే జరిగినది. ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు ఆ ప్రసారములు చేరినవి. ఆ రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి; ఆ భాషలలో తెలుగు ఒకటి. కోళ్ల గూళ్లకు వాడునట్టి తీగవలతో చేసిన పెద్ద పళ్లెములను ఏంటెనాలుగా నిలిపి, ఊరంతయు ఒకే పెట్టె ముందు కూర్చుండి చూచిన రోజులవి. మీలో వయసు మీరినవారికి అది జ్ఞాపకముండవచ్చును. పట్టణములు అనేకము టెలివిజన్ ఎరుగని కాలమున మన పల్లెలకది వచ్చినదని మరువరాదు.

తరువాత 1990 దశకమున దూరదర్శన్‌లో 'టర్నింగ్ పాయింట్' అను విజ్ఞాన కార్యక్రమము వచ్చుచుండెను. ప్రసిద్ధ నాటకకర్త గిరీష్ కర్నాడ్ గారు దానిని నడిపిరి. ప్రజలు పంపిన ప్రశ్నలకు యశ్‌పాల్ గారు సమాధానములు చెప్పెడివారు. ఏ ప్రశ్నను చిన్నదని త్రోసిపుచ్చక, ఇంటిలోని వస్తువులతోనే పెద్ద సూత్రమును విడమరచి చెప్పుట ఆయన పద్ధతి. 2017లో ఆయన పరమపదించిరి.

దీని ఫలమేమని అడుగవచ్చును. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము మన తెలుగునేల మీదుగానే సాగినది. హైదరాబాదు సమీపమున రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించుచుండగా, జనము తలుపులు మూసికొని ఇండ్లలో నుండిరి, వీధులు నిర్మానుష్యములయ్యెను. పదిహేనేండ్ల తరువాత, 1995 అక్టోబరు 24న ఉత్తరభారతమున సంపూర్ణ గ్రహణము పట్టినపుడు దూరదర్శన్ దానిని ప్రత్యక్షముగా ప్రసారము చేసినది. యశ్‌పాల్ గారు ప్రక్కన నుండి వివరించిరి. లక్షలాది జనము భయము విడిచి చూచిరి. ఒక మనిషి సరియైన మాట సరియైన సమయమున చెప్పుట వలన కలిగిన మేలు ఇట్టిది.

మాట వలన మారిన చట్టము

కొందరు వ్యాఖ్యాతలు చెప్పిన మాట చట్టములను సైతము మార్చినది. మైక్ పాండేగారు మన దేశపు చిత్రనిర్మాత. దూరదర్శన్‌లో 'ఎర్త్ మ్యాటర్స్' అను కార్యక్రమమును నడిపినవారు. గుజరాత్ తీరమున తిమింగిల సొరను బెస్తవారు పట్టి చంపుచుండిరి. ఇది సముద్రములోని చేపలన్నిటిలో పెద్దది. మనిషికి హాని చేయనిది. పాండేగారు ఆ వేటను చిత్రించి 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అను చిత్రమును వెలువరించిరి. 2000 సంవత్సరమున దానికి అంతర్జాతీయ బహుమానము లభించినది. మరుసటి యేడు, 2001లో, భారత ప్రభుత్వము ఆ చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టమునందలి మొదటి జాబితాలో చేర్చి రక్షణ కల్పించినది. అటుపిమ్మట ఆ తీరపు బెస్తవారే వలలు కోసి వందలకొలది చేపలను సముద్రములోనికి విడిచిరి.

ఇది ఎక్కడనో జరిగిన కథ యనుకొనవలదు. 2022 డిసెంబరులో విశాఖపట్నము సమీపమున తంతడి తీరమున ఒక తిమింగిల సొర వలలో చిక్కగా, బెస్తవారును అటవీశాఖవారును కలిసి దానిని క్షేమముగా సముద్రములోనికి పంపిరి. గుజరాత్‌లో ఒకరు తీసిన చిత్రము, ఢిల్లీలో వచ్చిన చట్టము, మన తీరమున ఒక ప్రాణిని కాపాడినవి.

ఆడపిల్లలకు ఈ పని తగదను మాటయు నిలువదు. కలకత్తా వాసి అశ్వికా కపూర్ గారు న్యూజీలాండు దేశపు చిలుకను గూర్చి తీసిన చిత్రమునకు 2014లో అట్టి బహుమానమే పొందిరి.

సాహసము వేరు, చేటు వేరు

ఇక ఈ వృత్తి యొక్క రెండవ ముఖమును దాచక చెప్పవలయును. ఆస్ట్రేలియా దేశమున స్టీవ్ ఇర్విన్ గారను ప్రసిద్ధ వ్యాఖ్యాత ఉండిరి. మొసళ్లను, పాములను చేతులతో పట్టి చూపుట ఆయన పద్ధతి. ఆయన తల్లిదండ్రులు 1970లో సరీసృపముల ఉద్యానవనమును స్థాపించిరి. బాల్యమునుండియు తండ్రి వెంట నుండి ఆ విద్య నేర్చినవారాయన. అట్టివారు సైతము 2006 సెప్టెంబరు 4న సముద్రమున చిత్రీకరణ చేయుచుండగా టేకు చేప ముల్లు ఎదలో గ్రుచ్చుకొని మరణించిరి. అప్పటికి ఆయన వయస్సు 44 ఏండ్లు.

నేడు ప్రతి యువకుని చేతిలోను సెల్ ఫోను కలదు. అందులోని కెమెరా ఎదుట నాగుపామును ఆడించి, ఆ దృశ్యమును నలుగురికి పంపి మెప్పు పొందవలెనను దురాశ పల్లెలకు ప్రాకినది. మేము తిరుగు ప్రాంతమున ఒక ఊరిలో ఇట్లే జరిగినది. ఇంటి పెరటిలోనికి వచ్చిన పామును పట్టిన యువకుడు దానిని వెంటనే దూరముగా విడువక, మిత్రులు చిత్రము తీయుచుండగా మెడలో వేసికొనెను. ఆ చిత్రము పూర్తిగా తీయబడెను. ఆ యువకుడు మాత్రము ఆసుపత్రి చేరకమునుపే మరణించెను. మేము పరామర్శకు పోయినపుడు అతని తల్లి ఆ ఫోనును పెట్టెలో పెట్టి తాళము వేసియుండెను. ఈ సంగతి చెప్పుటకు మాకు బాధగా నున్నది. కాని చెప్పక తప్పదు.

2020లో వెలువడిన పరిశోధనను బట్టి, 2000 నుండి 2019 వరకు మన దేశమున సుమారు 12 లక్షల మంది పాముకాటుచే మరణించిరి. అనగా సగటున ఏడాదికి 58 వేల మంది. వీరిలో అత్యధికులు పల్లెటూళ్లవారే. మరణములు ఎక్కువగా నున్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములును ఉన్నవి. కాబట్టి పామును గూర్చి సరిగా చెప్పగలవాడు మన ఊరికి సినిమా తార కంటె ఎక్కువ అవసరము.

అట్లు చెప్పినవారు రోములస్ విటేకర్ గారు. అమెరికాలో పుట్టి, బాల్యముననే భారతదేశమునకు వచ్చి, ఇచ్చటనే స్థిరపడినవారు. మద్రాసులో పాముల పార్కును, 1976లో మొసళ్ల సంరక్షణ కేంద్రమును స్థాపించిరి. రాచనాగును గూర్చి ఆయన తీసిన చిత్రమునకు అమెరికాలో ఎమ్మీ బహుమానము వచ్చినది. అయితే మేము మెచ్చుకొనునది వేరొకటి. పాముచర్మముల వ్యాపారము నిషేధింపబడి జీవనము కోల్పోయిన ఇరుల జాతివారిని కూడగట్టి, ఆయన 1978లో సహకార సంఘము నేర్పరచిరి. వారు అనుమతి పొంది పాములను పట్టి, విషము తీసి, కొద్ది వారములలో మరల విడిచిపెట్టుదురు. ఆ విషముతోనే పాముకాటునకు మందు తయారగును. నాగుపాము, కట్లపాము, రక్తపింజెర, చిన్నపింజెర అను నాలుగింటికిని పనిచేయు మందు అది. విటేకర్ గారికి 2018లో పద్మశ్రీ లభించినది. ఆ ఇరుల సోదరులలో ఇద్దరికి 2023లో అదే గౌరవము లభించినది. బడి చదువు లేని విద్యకు జరిగిన సత్కారమది.

పల్లెవాని కన్ను

ఇట్టి విద్య మన తెలుగు పల్లెలలోను కలదు. కడప జిల్లా అడవులలో కలివికోడి యను పక్షి కలదు. 1900 సంవత్సరము తరువాత అది ఎవరి కంటను పడనందున, అంతరించిపోయినదని శాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు దాని బొమ్మను పల్లెలలో చూపి జనమును విచారించిరి. 1986 జనవరిలో లంకమల కొండల చెంత ఒక పల్లెకు చెందిన వేటగాడు రాత్రివేళ ఆ పక్షిని పట్టి తెచ్చెను. దాదాపు 86 ఏండ్లుగా పండితులకు దొరకని పక్షి అతనికి దొరకినది. దానిని కాపాడుటకు అచ్చట అభయారణ్యము వెలసినది.

శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునకును, గుంటూరు సమీపమున ఉప్పలపాడునకును ఏటేట పక్షులు వేలకొలది వచ్చి గూళ్లు కట్టుచున్నవి. ఆ ఊళ్లవారే వానికి రక్షకులు. ఆ పక్షి ఏనాడు వచ్చినది, ఏ చెట్టున దిగినది, ఎన్ని పిల్లలు చేసినది అను సంగతులు అచ్చటి బాలురకు తెలిసినంతగా పట్టణములోని పట్టభద్రునకు తెలియవు. ప్రకృతిని గూర్చి చెప్పవలసినవానికి మొదటి పెట్టుబడి ఇదియే.

త్రోవ ఏది?

ఇప్పుడు ఆ గొఱ్ఱెలకాపరి కుమారుని ప్రశ్నకు వత్తము. అతడేమి చదువవలెను? ఆ పని దొరకునా?

ఈ వృత్తికి ప్రత్యేకమైన ఒకే చదువు లేదు. అటెన్‌బరోగారు జంతుశాస్త్రము, భూగర్భశాస్త్రము చదివిరి; యశ్‌పాల్, సాగన్ గారలు పరిశోధకులు; విటేకర్ గారు పాములతోనే చదువు సాగించిరి. అయినను జీవశాస్త్రము, వ్యవసాయము, పశువైద్యము, అటవీశాస్త్రము వీనిలో నొకదానిని శ్రద్ధగా చదువుట మంచి పునాది. డెహ్రాడూన్‌లో భారత వన్యప్రాణి సంస్థ కలదు. చిత్రనిర్మాణమునకు పూనాలోని సంస్థ వంటివి కలవు. కాని వీనికంటె ముందు చేయవలసినది ఇంటి దగ్గరనే చేయవచ్చును. ఒక నోటు పుస్తకమున ప్రతిదినము తాను చూచినది, చూచిన వేళ, చోటు వ్రాసికొనుట మొదటి అభ్యాసము. ఏటేట జనవరిలో జరుగు నీటిపక్షుల గణనలో చేరి పెద్దల వెంట నడుచుట రెండవది. తాను చూచినదానిని ఊరివారికి అర్థమగు తెలుగులో, అతిశయోక్తి లేక, అయిదు నిమిషములలో చెప్పుట మూడవది. ఇది అన్నిటికంటె కష్టము.

ఉన్నమాట చెప్పవలెనన్నచో, తెరపై నిలుచు ఉద్యోగములు బహు స్వల్పము. నెలజీతమునకు హామీ లేదు. తెలుగులో ఇట్టి కార్యక్రమములు ఇంకను కొద్దియే. ఒక్క వ్యాఖ్యాత వెనుక కెమెరా పట్టువారు, శబ్దము పట్టువారు, కూర్పు చేయువారు, విషయము సేకరించువారు, త్రోవ చూపువారు అనేకులుందురు. 2006లో వెలువడిన 'ప్లానెట్ ఎర్త్' అను కార్యక్రమమునకు అయిదేండ్లు పట్టినది. అందులో హిమచిరుత కనిపించునది కొద్ది నిమిషములు. దానికొరకు కొండలలో చలికి ఓర్చి కాచుకొన్నవారి పేర్లు ఎందరికి తెలియును? ఆ బాలునకు తెరపై స్థానము దొరకకపోవచ్చును. కాని అదే కన్ను, అదే నోటు పుస్తకము గలవానికి అటవీశాఖలోను, వ్యవసాయ ప్రసారములలోను, పర్యాటక మార్గదర్శిగాను, బడిపంతులుగాను పని యున్నది. ఏ పనిలో చేరినను ఊరికి అక్కరకు వచ్చును. పరీక్ష తప్పిన పాఠమును మరల వ్రాసి నెగ్గుట మాత్రము తప్పదు. దానికి అడ్డుదారి లేదు.

పంచాయతీ చేయదగినది

చివరిగా మీ కర్తవ్యమును గూర్చి మనవి చేసెదము.

2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టమును బట్టి ప్రతి స్థానిక సంస్థ పరిధిలోను ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండవలెను. ఊరిలోని మొక్కలు, విత్తనములు, పశువులు, పక్షులు, మందుచెట్లు, వానిని గూర్చిన పెద్దల అనుభవము అన్నియు ఒక రిజిస్టరున వ్రాయించుట దాని పని. అనేక చోట్ల ఈ రిజిస్టరు బీరువాలో నున్నది. దానిని తెరచి చూచినవారు అరుదు. మీ ఊరికి పోగానే దానిని తెరచి చూడుడు. అందు వ్రాయవలసినది ఇంకను మిగిలియున్నచో ఆ పనిని పిట్టల వెంట తిరుగు పిల్లలకు పెద్దల సాయముతో అప్పగింపుడు. తాము చూచినదానికి విలువ కలదని వారికి తెలియుటకు ఇంతకంటె మంచి మార్గము లేదు.

గ్రంథాలయమునకు తెప్పించు పుస్తకములలో పక్షులను, పాములను, నక్షత్రములను గూర్చినవి కొన్నియైన ఉండునట్లు చూడుడు. నెలకొక సాయంకాలము బడిలో మంచి విజ్ఞాన చిత్రమును చూపించి, తరువాత పిల్లలచేతనే దానిని గూర్చి మాటలాడింపుడు. పాము కనిపించినపుడు ఎవరికి కబురు పంపవలెనో, మందు ఏ ఆసుపత్రిలో నున్నదో, ఆ వివరములను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. అనుమతి లేక పాములను పట్టుట, ఆడించుట చట్టవిరుద్ధమని, ప్రాణాంతకమని యువకులకు దండోరా వేయింపుడు.

అన్నిటికంటె తేలికైనది, ఖర్చు లేనిది మరియొకటి కలదు. అట్టి పిల్లవాడు ప్రశ్న అడిగినపుడు నవ్వకుండుట. ఆనాడు మా ఎదుట నవ్వినవారు చెడ్డవారు కారు. వారికి ఆ పిల్లవానిపై ప్రేమయే యున్నది. పొట్ట గడవని త్రోవలో పోవునేమో యని భయమున్నది. ఆ భయమును మేము కాదనము. కాని నవ్వునకును భయమునకును నడుమ మూడవ మాట యొకటి కలదు. "నీకు తెలిసినది మాకు చెప్పు బాబూ" అనుటయే అది.

ఈ మధ్య మేము మరల ఆ ఊరికి పోయితిమి. ఆ బాలుడు తప్పిన పరీక్షను మరల వ్రాసి ఫలితమునకు ఎదురుచూచుచుండెను. మేమతనిని పిలిపించి, ఆనాడు చెప్పలేకపోయిన మాటలను చెప్పితిమి. అతడు విని, చంకలోని నోటు పుస్తకమును చూపెను. ఊరి చెరువునకు వచ్చు కొంగల లెక్క, రెండేండ్లది, తేదీలతో సహా అందులో నున్నది. ఆ పుస్తకమును మేము పంచాయతీ కార్యాలయమునకు తీసికొనిపోయి సర్పంచిగారి ఎదుట ఉంచితిమి. ఆయన చాలసేపు పుటలు త్రిప్పి, "మన చెరువుకు ఇన్ని రకాలొస్తాయా!" అనిరి. పిమ్మట నాడు నవ్విన వార్డు మెంబరుగారినే పిలిచి, ఆ లెక్కను రిజిస్టరులోనికి ఎక్కింపుమని చెప్పిరి.

మీ ఊరి చెరువు లెక్క ఎవరి చంకలో నున్నదో కనుగొనుడని కోరుచున్నాము.